ప్రేమకును పరువునకును నడుమ

అంతర్యుద్ధారంభమున, 1642లో మూతపడిన లండను నాటకశాలలు 1660లో రెండవ చార్లెస్ పునరాగమనముతో మరల తెరువబడిన పిదప, ఆస్థానాభిరుచికి అనుగుణముగ వీరనాటకము వన్నెకెక్కినది. డ్రైడన్ రచించిన ‘గ్రనడా విజయము’ వంటి కృతులలో నాయకుడు ప్రేమను, మానమును ప్రాసబద్ధములైన పాదములలో తర్కించును; ఆ తర్కమున ఆడంబరమున్నంతగా ఆర్తి లేదు.

ఆ ఆర్తిని సంపూర్ణముగ ఆవిష్కరించినది 1682లో ప్రదర్శితమైన ఆట్వే విషాదాంతకృతి ‘వెనిస్ ప్రిజర్వ్డ్’. మామయైన ప్రియూలీ తిరస్కారమునకును, దారిద్ర్యమునకును లోనైన జాఫియర్, ప్రాణమిత్రుడు పియెర్ ప్రేరణచే రాజ్యవ్యతిరేకపు కుట్రలో చేరి, తన విశ్వాసమునకు సాక్ష్యముగ భార్య బెల్విడెరాను ఒక బాకుతో సహా కుట్రదారుల చేతులలో పెట్టును. వారిలోనొకడు ఆమెను చెరపట్టజూచుటయు, ఆమె కన్నీటికి కరగి జాఫియర్ సెనేటునకు రహస్యము వెల్లడించుటయు, కుట్రదారుల ప్రాణభిక్షపై ఇచ్చిన మాటను సెనేటు తప్పుటయు వరుసగ జరిగిపోవును. తుదకు వధ్యస్థలిపై, చక్రవధ యను అవమానమునుండి తప్పింపుమని పియెర్ వేడగా, జాఫియర్ అతనిని పొడిచి, అదే కత్తితో తానును ప్రాణము విడుచును. బెల్విడెరా మతి చెడి మరణించును.

భార్యకిచ్చిన ప్రేమ నిజమే, మిత్రునికిచ్చిన మాటయు నిజమే. రెండు ధర్మములు పరస్పరము ఢీకొన్నచోట విషాదము పుట్టునని ఇంత స్పష్టముగ చూపిన నాటకము ఆ యుగమున మరియొకటి లేదు.