లెక్కకు రుజువుంది, మరి తాళం ఎవరి చేతిలో?

బిట్‌కాయిన్‌లో సగటున పది నిమిషాలకో బ్లాక్ చేరుతుంది. సెకనుకు ఏడు లావాదేవీలు దాటడం కష్టం. జీరో నాలెడ్జ్ ప్రూఫ్‌లనే గణిత రుజువులతో ఈ ఇరుకు తొలగిపోతుందనీ, ఇక ఎవరినీ నమ్మాల్సిన పనే ఉండదనీ ప్రచారం సాగుతోంది. మొదటి మాటలో నిజముంది. రెండో మాట నమ్మి సొమ్ము పెట్టేవాళ్లు నష్టపోయే ప్రమాదం ఉంది.

అపోహ: బిట్‌కాయిన్‌ను వేరే బ్లాక్‌చైన్‌కు పంపేయవచ్చు.

వాస్తవం: బిట్‌కాయిన్ తన ఖాతా పుస్తకం దాటి ఎక్కడికీ పోదు. అసలు నాణేన్ని ఇక్కడ తాళం వేసి ఉంచి, అవతలి చైన్‌లో దాని పేరిట టోకెన్ ఇస్తారు. ఈ ఏర్పాటునే బ్రిడ్జి అంటారు. కాబట్టి ఆ టోకెన్ విలువంతా తాళంచెవులు పట్టుకున్నవారి మీదే ఆధారపడుతుంది. ఇథీరియంతో ముడిపడ్డ రోనిన్ బ్రిడ్జిలో అప్పట్లో సొమ్ము కదలాలంటే తొమ్మిది సంతకాల్లో ఐదు ఉంటే సరిపోయేది. 2022 మార్చిలో దొంగలు ఆ ఐదూ చేజిక్కించుకుని 60 కోట్ల డాలర్లకు పైగా కాజేశారు. ఆరు రోజుల తర్వాత ఒక ఖాతాదారు 5,000 ఈథర్ తీసుకోబోతే రాకపోవడంతో గానీ సంగతి బయటపడలేదు. అక్కడ గణితంలో ఏ లోపమూ లేదు, కాపలాయే విఫలమైంది.

అపోహ: ప్రూఫ్ జతచేస్తే బిట్‌కాయిన్ నెట్‌వర్కే అంతా సరిచూస్తుంది.

వాస్తవం: 1985లో గోల్డ్‌వాసర్, మికాలీ, రాకాఫ్ పునాది వేసిన జీరో నాలెడ్జ్ ప్రూఫ్ విద్య ఇవాళ వేల లావాదేవీల లెక్క సరిగా ఉందని ఒక్క చిన్న రుజువుతో తేల్చగలదు. కానీ బిట్‌కాయిన్ లావాదేవీల షరతులు రాసే స్క్రిప్ట్ భాషలో అలాంటి రుజువును నేరుగా పరీక్షించే ఆదేశం లేదు. దాన్ని బ్లాక్‌లో రాసిపెట్టినా నెట్‌వర్క్‌లోని కంప్యూటర్లకు, అంటే నోడ్‌లకు, అది ఉత్త డేటాయే. పైగా లెక్క ఒప్పని తేలినంత మాత్రాన తాళం వేసిన నాణేలు భద్రంగా ఉన్నట్టు కాదు.

అపోహ: అయితే ఇదంతా వృథా ప్రయాస.

వాస్తవం: ఎలాగూ ఎవరినో ఒకరిని నమ్మాలిగా, కొత్తదనం ఏముందని అడగవచ్చు. ఎందరిని నమ్మాలన్నదే అసలు తేడా. 2023లో రాబిన్ లీనస్ ప్రతిపాదించిన బిట్‌విఎంలో లెక్క బయట జరుగుతుంది. ఎవరైనా అబద్ధపు క్లెయిమ్ పెడితే వివాదమున్న అడుగును మాత్రం బిట్‌కాయిన్ మీద తేలుస్తారు. ఆ బాటలో వచ్చిన బ్రిడ్జి డిజైన్లలో ఏర్పాటు వేళ సంతకాలు చేసినవారిలో ఒక్కరు నిజాయతీగా ఉండి, తర్వాత ఒక్కరు కనిపెట్టి సవాలు చేస్తే దొంగతనం ఆగుతుంది. తొమ్మిది మందిలో ఐదుగురు లొంగితే కూలిపోయే ఏర్పాటు కంటే ఇది ఎంతో మెరుగు. దీనికీ ఖర్చుంది: సవాలు గడువు ముగిసేదాకా ఆగాలి, బ్రిడ్జి నడిపే ఆపరేటర్ ముందుగా సొంత సొమ్ము పెట్టాలి. మధ్యవర్తే వద్దనుకుంటే అటామిక్ స్వాప్ ఉంది. మార్పిడి ఇరువైపులా జరుగుతుంది, లేదా గడువు తీరాక ఎవరి నాణెం వారికి తిరిగొస్తుంది. కాకపోతే ఎదుటి పక్షం దొరకాలి.

అందుకే ఏ బ్రిడ్జి గురించి విన్నా మూడు ప్రశ్నలు వేయాలి. తాళంచెవులు ఎవరివి? ఎందరు కుమ్మక్కైతే సొమ్ము పోతుంది? వాళ్లంతా మాయమైతే నా నాణెం నేను వెనక్కి తీసుకోగలనా? వీటికి సూటిగా జవాబు చెప్పని చోట ప్రూఫ్ ఎంత గొప్పదైనా సొమ్ము పెట్టకూడదు.