అమ్మమ్మ ఊపిరి ఏడు సెకన్లు

మా అమ్మమ్మ ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి పొగ పీల్చింది. ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే ఆయాసం. "ఎమ్మారై తీయిద్దాం, రేడియేషన్ కూడా ఉండదు" అన్నాను తెలివిగా. తర్వాత చదివితే తెలిసింది, మామూలు ఎమ్మారైలో ఊపిరితిత్తులు దాదాపు నల్లగానే వస్తాయని.

ఎందుకంటే ఎమ్మారై ముఖ్యంగా చూసేది ఒంట్లోని నీటిలో ఉండే హైడ్రోజన్‌ని. ఊపిరితిత్తుల్లో ఎక్కువ భాగం గాలే కదా!

మరి ఆ గాలినే చూస్తే? సిగ్నల్ ఇచ్చేది స్పిన్‌లలో ఒకవైపు ఉన్న మెజారిటీ. 1.5 టెస్లా మెషీన్‌లో హైడ్రోజన్‌కే ఆ మెజారిటీ 10 లక్షలకి 5 దాకా ఉంటుంది. నీటిలో అణువులు కిక్కిరిసి ఉంటాయి కాబట్టి సరిపోతుంది. పలచటి గ్యాస్‌కి చాలదు.

అందుకే జినాన్-129 వాడతారు. లేజర్ కాంతి ముందు రుబీడియం ఆవిరిలోని ఎలక్ట్రాన్ల స్పిన్‌లను ఒకవైపు తిప్పుతుంది. ఆ రుబీడియం జినాన్‌ని ఢీకొన్నప్పుడు స్పిన్ దానికి అందుతుంది. మెజారిటీ పదుల శాతానికి చేరుతుంది. ఇదే హైపర్‌పోలరైజేషన్. చిట్టెలుక ఊపిరితిత్తుల మొదటి బొమ్మ 1994లో వచ్చింది. 2022 డిసెంబర్‌లో అమెరికా ఎఫ్‌డీఏ 12 ఏళ్లు, ఆపై వయసు వాళ్లకి అనుమతిచ్చింది. పేషెంట్ సంచిలోని గ్యాస్ పీల్చి 10-15 సెకన్లు ఊపిరి బిగబట్టాలి. గ్యాస్ చేరిన చోట వెలుగు, చేరని చోట చీకటి.

మన సీఎస్ వాళ్లకి నచ్చే ట్విస్ట్ ఇక్కడుంది. ఈ సిగ్నల్ రీఛార్జ్ కాని ప్రీపెయిడ్ బ్యాలెన్స్. చదివిన ప్రతిసారీ కొంత ఖర్చవుతుంది. చదవకపోయినా, ఊపిరితిత్తుల్లోని ఆక్సిజన్ వల్ల అర నిమిషంలోనే చాలావరకు తరిగిపోతుంది. అందుకే కంప్రెస్డ్ సెన్సింగ్: కొన్ని కొలతలే తీసుకుని, మిగతా బొమ్మని లెక్కతో పూరించడం. ఎమ్మారైలో దీన్ని ఎలా వాడాలో 2007లో లస్టిగ్, డోనోహో, పాలీ చూపించారు. మామూలు ఎమ్మారైలో కొలతలు తగ్గిస్తే నాయిస్ పెరుగుతుంది. ఇక్కడ మాత్రం తక్కువసార్లు చదివితే, ఒక్కోసారికి ఎక్కువ బ్యాలెన్స్ వాడుకోవచ్చు. అంటే వేగం పెరిగినా స్పష్టత పోనక్కర్లేదు.

అల్గారిదమ్ వేగం అంటే నాకు ఇన్నాళ్లూ ల్యాబ్ మార్కులే. మొన్న అమ్మమ్మని ఊపిరి బిగబట్టమని ఫోన్‌లో టైమర్ పెట్టాను. ఏడు సెకన్లకే దగ్గొచ్చింది. "ఇదేం పరీక్షరా నాకు?" అంది.

పరీక్ష నీకు కాదు అమ్మమ్మా, మాకు. పదిహేను సెకన్ల స్కాన్‌ని నీ ఏడు సెకన్లలోకి తేవాల్సింది మేమే.