పిలువని పేరంటము: కంప్యూటరు తెరపై లేచు పెట్టెలు

మన సభ్యుల ఇండ్లలో కంప్యూటరు చేరి చాలా కాలమైనది. పెద్దలు గ్రాఫు కాగితముపై గళ్ళు నింపి అంచు బొమ్మ వేసిన చోట నేడు పిల్లలు తెరపై గళ్ళు నింపుచున్నారు. అంచులు, బుటాలు అందులోనే తయారై జకార్డుకు పోవుచున్నవి. సరకు లెక్కలు, బ్యాంకు పని, పిల్లల చదువు కూడ ఆ పెట్టెలోనే. కావున ఈ సంచికలో నూలు ధరలు విడిచి కంప్యూటరును గూర్చి వ్రాయుచున్నందుకు సోదర సోదరీమణులు ఆశ్చర్యపడనక్కరలేదు.

కాంచీపురము మొదలు షోలాపురము వరకు సభ్యులు మాతో చెప్పుకొను బాధ ఒకటే. కంప్యూటరు తెరచిన వెంటనే "ఈ ప్రోగ్రామును ఎక్కించమందురా?" అని ఒక చిన్న కిటికీ లేచును. మూసిన మరల లేచును. కొన్ని "మీ కంప్యూటరులో వైరసులున్నవి, వెంటనే శుభ్రపరచుడు" అని ఎర్ర అక్షరములతో బెదరించును. ఇంటిలోనివారు విసిగి ఏదో ఒక మీట నొక్కుదురు. అసలు తంటా అక్కడ మొదలగును.

నేతలో మనమేమి చేయుదుమో తలచుకొనుడు. చీరలో ఒక్కచోట తప్పు పడిన పోగు తెగినదనుకొందుము. ప్రతి బుటాలోను అదే చోట అదే తప్పు పడిన, అట్టలో రంధ్రము తప్పినదని గ్రహించి ఆ అట్టను వెదకుదుము, బట్టను కోయము. రోజూ లేచు ఈ కిటికీ కూడ అట్టిదే. లోపల ఎక్కడో ఒక అట్ట దానిని పిలుచుచున్నది. మూయుచు కూర్చున్న లాభము లేదు, అట్టను పట్టుకొనవలెను.

మొదట చూడవలసినది, కిటికీ ఎప్పుడు లేచుచున్నది? తెరకు కుడివైపు క్రింది మూల నుండి లేచి, దానిలో చిన్న అక్షరములతో క్రోమ్ వంటి బ్రౌజరు పేరును, ఏదో సైటు పేరును ఉన్నచో అది చాలవరకు వైరసు కాదు. ఎన్నడో ఒక సైటు "నోటిఫికేషన్లు పంపమందురా?" అని అడుగగా మన ఇంటిలో ఎవరో "అలౌ" నొక్కినారు. సినిమాలు, పాటలు ఉచితముగా చూపు సైట్లు "మీరు మనిషేనని రుజువు చేయుటకు అలౌ నొక్కుడు" అని కూడ మోసగించును. క్రోమ్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ అను వరుసలో పోయినచో అనుమతి పొందిన సైట్ల పట్టిక కనబడును. ఎరుగని పేర్లన్నియు తీసివేయవచ్చును. ఐదు నిమిషముల పని; దీనికై దుకాణమునకు పోయి డబ్బు ఇచ్చినవారిని మేమెరుగుదుము.

బ్రౌజరు తెరువకున్నను, కంప్యూటరు వెలిగించగానే లేచుచున్నచో అది లోపల కాపురమున్నది. కిటికీ తెరపై ఉండగానే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కిన టాస్క్ మేనేజర్ వచ్చును. దానిలో ఆ ప్రోగ్రాము పేరుపై మౌసు కుడి మీట నొక్కి "ఓపెన్ ఫైల్ లొకేషన్" అన్నచో అది ఏ సంచిలో దాగినదో తెలియును. అక్కడనే స్టార్టప్ అను పుటలో కంప్యూటరుతో పాటు లేచువాని పట్టిక కలదు. అనుమానమున్నదానిని "డిసేబుల్" చేయవచ్చును. పిమ్మట సెట్టింగ్స్‌లోని యాప్స్ పట్టికను తేదీ వరుసన పెట్టి, కిటికీ మొదలైన రోజులలో ఏమేమి చేరినవో చూడుడు. మనము కోరనిది చాలవరకు కనబడును. దానిని అన్‌ఇన్‌స్టాల్ చేయవలెను.

అది ఎట్లు వచ్చినదందురా? మనము కోరిన దానితో కలిసి వచ్చినది. జావా అను ప్రసిద్ధ ప్రోగ్రాముతో 2015 వరకు ఆస్క్ టూల్‌బార్ అను వేరొకటి వచ్చుచుండెడిది. ముందే టిక్కు పెట్టి ఉంచెడివారు, తీసివేయనివారి ఇంట అది చేరెడిది. పెద్ద పేరున్నవారే అట్లు చేసినపుడు ఊరు పేరు లేని "ఉచిత" సరకు సంగతి వేరుగా చెప్పనేల. ఎక్కించునపుడు "నెక్స్ట్, నెక్స్ట్" అని నొక్కుకుంటూ పోక, "కస్టమ్" అను దారి ఉన్నచో అది పట్టి ప్రతి టిక్కును చదువవలెను. ఫ్లాష్ ప్లేయరును నవీకరించుమని ఇప్పటికిని అడుగు కిటికీలు కలవు. ఫ్లాష్‌కు 2020 డిసెంబరు 31తోనే మంగళము పాడినారు, కనుక అట్లు అడుగునది దొంగయే.

ఒక మాట చెప్పిన కొందరు మాపై కోపగింతురేమో. డిజైను ప్రోగ్రామును కొనక "క్రాక్" చేసినది పెట్టుకొనువారు మనలో ఉన్నారు. దానిని ఎక్కించుటకు ముందు భద్రతను ఆపుమని వారే చెప్పుదురు. తలుపు గడియ తీసి దొంగను లోనికి పిలుచుట కాదా యిది?

అయితే ప్రతి కిటికీయు దొంగ కాదు. "ప్రిపేరింగ్ టు ఇన్‌స్టాల్" అని మాటిమాటికి వచ్చునది పాత ప్రింటరుదో స్కానరుదో కావచ్చును. దాని ఫైలు ఒకటి పోగా, విండోస్ దానిని తనంత తాను బాగుచేయబోయి, సరకు దొరకక మరల మరల అడుగును. దానిని పూర్తిగా తీసి, తయారుచేసినవారి సైటు నుండి మరల ఎక్కించిన సరిపోవును. "ఈ ప్రోగ్రామును మార్పులు చేయనిత్తురా?" అని తెర మసకబారి అడిగినపుడు మాత్రము, ఆ పని మనము మొదలుపెట్టనిచో "నో" అనుటయే మేలు.

ఇక భయపడవలసినది ఫోను నంబరు చూపు కిటికీ. కాంచీపురములో ఒక సభ్యుని కుమారుడు అంచు బొమ్మ కొలత మార్చుటకు ఉచిత ప్రోగ్రాము వెదకి, ప్రకటనగా పెట్టిన పచ్చని పెద్ద మీట నొక్కినాడు. వారమునకు తెర నిండ హెచ్చరికయు, నంబరును వచ్చినవి. ఫోను చేయగా అవతలివాడు మర్యాదగా మాట్లాడి, దూరమునుండి కంప్యూటరు నడుపు యాప్‌ను ఎక్కించమని, పిమ్మట తండ్రి బ్యాంకు ఓటీపీ అడిగినాడు. ఇంటి కోడలు ఇంటర్నెట్టు తీగ లాగివేసినది గనుక సొమ్ము దక్కినది. ఇట్టి యాప్‌లతో జరుగు మోసమును గూర్చి రిజర్వు బ్యాంకు 2019లోనే హెచ్చరించినది. ఏ కంపెనీయు తెరపై నంబరు వేసి పిలువమని అడుగదు. అట్టి కిటికీ మూయరానిచో ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కుడు; కాదన్న కంప్యూటరునే ఆర్పుడు. సొమ్ము పోయినచో గంటలు లెక్కించక వెంటనే 1930 నంబరుకు ఫోను చేసి, బ్యాంకుకు కూడ తెలుపవలెను.

విండోస్‌తోనే వచ్చు భద్రత చాలవరకు చాలును. విండోస్ సెక్యూరిటీలో "రెప్యుటేషన్ బేస్డ్ ప్రొటెక్షన్" అను చోట, అక్కరలేని యాప్‌లను ఆపు మీట తెరచి ఉన్నదో లేదో చూచుకొనుడు. మొండిదైనచో "ఆఫ్‌లైన్ స్కాన్" చేయించుడు. కంప్యూటరు ఆగి, మరల లేచుటకు సుమారు 15 నిమిషములు పట్టును. విండోస్ 10కి సాధారణ భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగినవి. ఆ పాతదానిపై బ్యాంకు పని చేయువారు ఆలోచించుకొనవలెను.

పైన చెప్పిన కాంచీపురపు ఇంట సొమ్ము దక్కినను మరొకటి పోవలసినది. బాగుచేయు దుకాణమువాడు మొత్తము తుడిచి మరల ఎక్కింతునన్నాడు. పదునైదేండ్ల అంచు బొమ్మలు అందులో ఉన్నవి, వేరే ప్రతి లేదు. తుడువకముందు పెన్‌డ్రైవ్‌కు తీయించుమని మేము చెప్పితిమి. బీఎంపీ, జేపీజీ వంటి బొమ్మ ఫైళ్ళు మాత్రమే తీయవలెను. ఈఎక్స్ఈ అని ముగియు ఫైళ్ళను తీయరాదు, అవి ప్రోగ్రాములు. పాత పేరంటము వానితోనే తిరిగి వచ్చును.