నిమిషానికి 106 వడలు

తిరుమల కొండ దారిలో అలిపిరి తనిఖీ కేంద్రం దాటాక మాంసం మాటే లేదు. చిత్తూరు నాటుకోడి వేపుడు ఎంత కరకరలాడినా కొండ కిందే ఆగిపోవాలి. అయినా వేపుడు గుట్టు తెలుసుకోవాలంటే పైకే వెళ్లాలంటాను.

తిరుమలలో భక్తులకు ఉచితంగా భోజనం పెట్టే నిత్యాన్నదానం 1985 ఏప్రిల్ 6న, ఎన్టీ రామారావు ముఖ్యమంత్రిగా ఉండగా, రోజుకు 2,000 మందితో మొదలైంది. ఇప్పుడు తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో ఒక్కో హాలులో 1,000 మంది చొప్పున నాలుగు హాళ్లలో భోంచేస్తారు. 2025 మార్చి 6 నుంచి ఆ విస్తళ్లలోకి మసాలా వడ చేరింది. ఉదయం 10.30 నుంచి సాయంత్రం 4 దాకా 35,000 వడలు వడ్డిస్తామని ఆలయ నిర్వాహకులు అన్నారు. అది 330 నిమిషాల పని, అంటే నిమిషానికి 106. వాయి వేగడానికి అయిదు నిమిషాలనుకుంటే, ఎప్పుడు చూసినా 530 వడలు నూనెలో ఉండాలి! అదే ఏడు జులైలో రాత్రి భోజనంలోనూ వడ్డించడం మొదలెట్టి, రోజు లెక్కను 70,000 దాటించారు. వడ్డన గంటలూ పెరిగాయి కాబట్టి నిమిషం లెక్క పెద్దగా మారలేదు.

ఈ వడలో శనగపప్పు, పచ్చిమిర్చి, అల్లం, కరివేపాకు, కొత్తిమీర, పుదీనా, సోంపు ఉంటాయి. ఉల్లి, వెల్లుల్లి ఉండవు. అది నియమం కోసం వదిలిందే, రుచి కోసం కాదు. కానీ ఉల్లి లేకపోవడమే ఈ వడకు కలిసొచ్చిందని నా లెక్క.

ఎలాగంటే, వేపుడంటే నీటిని తరిమే పని. ఇంట్లో లీటరు నూనెలో ఆరు వడలు వేశామనుకుందాం. ఒక్కోటి 30 గ్రాములైతే మొత్తం 180. అందులో అయిదో వంతు, 36 గ్రాముల నీరు, ఆవిరైపోవాలి. ఆ ఆవిరికి పట్టే వేడి, లీటరు నూనె సుమారు 44 డిగ్రీలు చల్లబడితే వచ్చేంత. పొయ్యి ఆ లోటు పూడుస్తూ ఉంటుంది గానీ, మొదటి నిమిషంలో మంట వెనకబడుతుంది. రుబ్బేటప్పుడు ‘తిరగడం లేద’ని ఒక పెద్ద చెంచా నీళ్లు పోశామా, ఆ 15 గ్రాములను ఆవిరి చేయడానికి మరో 18 డిగ్రీల వేడి కావాలి. ఇక ఉల్లిపాయలో నూటికి 89 పాళ్లు నీరే. పావుకిలో పప్పుకు 100 గ్రాముల తరుగు కలిపితే, మిక్సీలో పోయకుండా దాచుకున్న నీళ్లన్నీ దొడ్డిదారిన వచ్చినట్టే. అందులో వేగకుండా మిగిలిన తడి, వడ చల్లారే కొద్దీ పైపొరకు చేరి దాన్ని మెత్తబరుస్తుంది. వేలమందికి వడ్డించే చోట, బాండలికీ విస్తరికీ మధ్య గడిచే సమయం కూడా లెక్కే మరి.

కాబట్టి ఇంట్లో చేసేవాళ్లు పావుకిలో శనగపప్పు రెండు గంటలు నానబెట్టి, జల్లెడలో 20 నిమిషాలు వదిలేయండి. గుప్పెడు పప్పు పక్కకు తీసి, మిగతాది చుక్క నీరు లేకుండా కచ్చాపచ్చాగా రుబ్బి, తీసిన పప్పు కలపండి. మసాలా సరుకులన్నీ పడ్డాక పదిహేడు, పద్దెనిమిది వడలవుతాయి. మందం ఒక సెంటీమీటరు చాలు. అంతకు మించితే పైన మాడుతుంది, లోపల పచ్చి. నూనె 175 నుంచి 180 డిగ్రీలు ఉండాలి. కొలిచే సాధనం లేకపోతే చిటికెడు పిండి వేసి చూడండి, రెండు మూడు సెకన్లలో పైకి తేలాలి.

నూనె వేడికి చెప్పిన ఈ అంకె కొండ కింద తిరుపతిలో ఉన్నవారికి. తిరుమల సముద్రమట్టానికి 853 మీటర్ల ఎత్తు. ప్రతి 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున తగ్గి, అక్కడ నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. పైపొర తడి త్వరగా పోతుంది, లోపల ఉడకడం కాస్త వెనకబడుతుంది. అందుకే ఎత్తైన ఊళ్లలో నూనె వేడిని 1,000 అడుగులకు రెండు డిగ్రీల లోపు తగ్గించమంటారు. తిరుమల ఎత్తుకు అది నాలుగైదు డిగ్రీలు.

కోడి వేయించేవాళ్లకూ సూత్రం ఇదే. పచ్చి మాంసంలో సుమారు ముప్పాతిక వంతు నీరే కాబట్టి ముక్కలను గుడ్డతో ఒత్తి తుడవాలి. నాటుకోడైనా టర్కీ కోడైనా లోపల 74 డిగ్రీలు చేరాలి.  

వడ నూనె పీల్చేది చాలావరకు బాండలిలో కాదు, బయటకు తీశాకే. లోపలి ఆవిరి చల్లబడి కుదించుకుపోతూ పైనున్న నూనెను లోపలికి లాగుతుంది. చిల్లుల గరిటెతో తీసి, వేడి తగ్గకముందే అర నిమిషం నూనె కారనివ్వాలి. మిగిలిన నూనె? 2018 జులై 1 నుంచి అమలైన నిబంధన ప్రకారం, పదేపదే కాగినప్పుడు పుట్టే ధ్రువ సమ్మేళనాలు 25 శాతం దాటిన నూనెను వంటకు వాడకూడదు. ఇంట్లో అది కొలవలేం. రంగు ముదిరి, నురగ కడితే పారబోయాల్సిందే. అప్పటిదాకా వడకట్టి, ఒకటి రెండు రోజుల్లో పోపులకు వాడేసుకోవచ్చు.