విజయనగరం కమాను
కర్ణాటక సంగీతాన్నీ పాశ్చాత్య సంగీతాన్నీ కలిపే ప్రయత్నాలను నేడు ‘ఫ్యూజన్’ పేరిట కొత్త పోకడగా లెక్కగడుతున్నారు గానీ, ఆ కలయికల్లో అన్నిటికన్నా లోతైనది రెండు వందల ఏళ్ల కిందటే, ఏ పేరూ పెట్టుకోకుండా, ఫిడేలు రూపంలో మన కచేరీ వేదిక మీదికి వచ్చి కూర్చుంది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలస్వామి దీక్షితులు మద్రాసులో ఐరోపా వాద్యకారుని దగ్గర నేర్చుకుని మన సంగీతానికి మలచిన ఈ వాద్యం, ఒక శతాబ్దం గడిచాక, విజయనగరంలో ద్వారం వెంకటస్వామినాయుడు (1893–1964) చేతిలో కొత్త నాదాన్ని సంతరించుకుంది.

పాశ్చాత్య వాద్యకారుడు ఫిడేలును గడ్డం కింద ఇరికించుకుని, ఎడమచేత్తో కొంత ఆపుతూనే ఆ చేతి వేళ్లతో స్వరస్థానాలను నొక్కుతాడు. మనవాళ్లు దాన్ని నేల మీదికి దించారు. బాసిపట్టు వేసుక్కూర్చున్న విద్వాంసుడి కుడికాలి చీలమండ మీద వాద్యం తల ఆనుకోగా, అడుగుభాగం ఎడమ భుజం దగ్గర రొమ్ముకు ఒరుగుతుంది గనుక, ఎడమచేతికి బరువు తప్పి తీగ పొడవునా జారే వీలు చిక్కింది. ఆ జారుడు లేనిదే గమకం లేదు. గమకమంటే స్వరాన్ని ఒకేచోట నిలపకుండా ఇరుగుపొరుగు స్వరాల వైపు ఊపుతూ పలికించడం. ఐరోపాలో నాలుగు తీగలనూ ఒకదానికొకటి పంచమ దూరంలో శృతి చేస్తే, ఇక్కడ ఆధార షడ్జమాన్ని పట్టి స–ప–స–ప అని కుదుర్చుకున్నారు.

బెంగళూరులో పుట్టి విశాఖపట్నంలో పెరిగిన వెంకటస్వామినాయుడు, 1919లో విజయనగర సంస్థానాధీశుడు స్థాపించిన సంగీత కళాశాలలో, ఆదిభట్ల నారాయణదాసు అధ్యక్షులుగా ఉండగా, ఆచార్యునిగా చేరి, 1936లో ఆ అధ్యక్ష పదవినే అందుకున్నారు. జనం నోట ఆయన ‘ఫిడేలు నాయుడుగారు’.

ఆయన విశిష్టతంతా కమానులో ఉంది. కమాను అంటే సన్నని కర్రకు గుర్రపుతోక వెంట్రుకలను బిగించి, రాళ రుద్దిన సాధనం. అది తీగను ఒరుసుకుంటూ పోతేనే ధ్వని పుడుతుంది, దిశ మారిన ప్రతిసారీ ఆ ధ్వనిలో చిన్న అతుకు పడుతుంది. గాయకుణ్ణి వెన్నంటి నడవవలసిన పక్కవాద్యానికి పొట్టి కమాను లాగుళ్లతో పని గడిచిపోతుంది, కాని అతుకులు ఎక్కువై నాదం గరుకెక్కుతుంది. పాశ్చాత్యుల పద్ధతిని శ్రద్ధగా గమనించిన నాయుడుగారు నిడుపైన లాగుడును సాధించి, ఒక పూర్తి సంచారాన్ని, అంటే రాగంలోని ఒక స్వర నడకను, ఒకే ఊపిరిలో పాడినట్టు ఒకే కమానులో పలికించారు. రాగం రాగంగానే, కృతి కృతిగానే ఉండిపోయాయి; మారింది నాదం. బాణీలను అరువు తెచ్చుకోవడం సులువే, నాదాన్ని తెచ్చుకోవాలంటే ఏళ్ల తరబడి చెయ్యి అరగాలి. అంత నిండైన నాదం దొరికాకనే ఫిడేలు ఒంటరిగా కచేరీని మోయగలిగింది. ఆయనకు 1941లో సంగీత కళానిధి బిరుదు, 1957లో పద్మశ్రీ లభించాయి.

ఆ ఫిడేలు పక్కన మృదంగం వాయించినవారిలో సాలూరు దగ్గరి శివరామపురం వాసి సన్యాసిరాజు ఒకరు. ఆయన కొడుకు సాలూరి రాజేశ్వరరావు (1922–1999) సినిమా సంగీతంలో ఇంకో దారి తొక్కి, ‘చంద్రలేఖ’ (1948) వంటి చిత్రాలలో పాశ్చాత్య వాద్యబృందాన్నే పిలిచి కూర్చోబెట్టారు. అక్కడి చిక్కు వేరు. పాశ్చాత్యుల స్వరమేళనం, అంటే పలు స్వరాలను ఒకేసారి మోగించే పద్ధతి, స్వరాలు కదలక నిలిచి ఉంటేనే ఇంపుగా ఉంటుంది. గమకంతో ఊగే స్వరం కింద వాటిని పరిస్తే రెండూ ఒరుసుకుంటాయి. ఆయనకు పేరు తెచ్చిన పియానో పాటలలో ఈ చిక్కు మరీ స్పష్టం. పియానో మెట్టు నొక్కితే స్వరం అక్కడే ఉండిపోతుంది, ఊపడానికి వీలుండదు గనుక, రాగాన్ని నిలబెట్టే పని మొత్తం గాయకుల మీద పడుతుంది. ఆ పనిని నెగ్గించిన ఘంటసాల, సుశీల ఇద్దరూ విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్నవారే.