వృద్ధుల పరుగు – అర్ధశక్తి నియమము

అరువది సంవత్సరములు దాటినవారు పరుగెత్తవచ్చునా? ఈ ప్రశ్న నన్నడుగువారిలో రెండు తెగలవారున్నారు. మోకాళ్లు అరిగిపోవునని, గుండె ఆగిపోవునని, ఈ వయస్సులో రామకోటి వ్రాసికొనక పరుగులెందుకని ఇంటివారు భయపెట్టగా వచ్చువారు ఒక తెగ. పంజాబులో పుట్టి లండన్‌లో స్థిరపడిన ఫౌజా సింగ్ 2011లో నూరేండ్ల వయస్సున టొరంటో మారథాన్ పూర్తిచేసినాడు గదా, నాకేమి తక్కువ అని బయలుదేరువారు రెండవ తెగ. మొదటివారికి ధైర్యము చెప్పుట సులభము. రెండవవారిని ఆపుటయే కష్టము.

ముందుగా శాస్త్రము ఏమి చెప్పినదో చూతము. దాచుటకేమియు లేదు. శాస్త్రము వృద్ధులను వ్యాయామము మానుమన్నది. అష్టాంగహృదయము సూత్రస్థానము రెండవ అధ్యాయమున వాగ్భటుడు వాతపిత్త రోగులు, బాలురు, వృద్ధులు, అజీర్ణముతో నున్నవారు వ్యాయామమును విడువవలెనని ఆదేశించినాడు. చరకసంహిత సూత్రస్థానము ఏడవ అధ్యాయములోని పట్టిక ఇంకను పెద్దది. ఆకలిదప్పులతో నున్నవారు, బరువులు మోసి లేదా దారి నడిచి చిక్కిపోయినవారు, బిగ్గరగా అధికముగా మాట్లాడువారు (పాపము, మన ఉపాధ్యాయులందరును ఇందు చేరుదురు), కోపము, శోకము, భయము ఆవహించినవారు, వారితోపాటు వృద్ధులు.

ఇంతటితో గ్రంథము మూసివేయవచ్చును. కాని వృద్ధుడనగా ఎవరు? చరకుడు అరువది ఏండ్ల వరకు మధ్యవయస్సన్నాడు. సుశ్రుతుడు దానిని డెబ్బది వరకు సాగదీసినాడు. ఆచార్యుల మధ్యనే పదేండ్ల తేడా యున్నది. పైగా చరకుడే విమానస్థానమున చెప్పిన దశవిధ పరీక్షలో వయస్సును ఒకటిగా, వ్యాయామశక్తిని వేరొకటిగా పరీక్షించుమన్నాడు. వ్యాయామశక్తిని పనిచేయు శక్తిని బట్టి తెలిసికొనుమన్నాడు. వయస్సు తెలిసినంతనే బలము తెలియునట్లయిన ఈ రెండవ పరీక్షతో పనియేమి? కావున వృద్ధులకు చెప్పిన నిషేధము కొలతలేని వ్యాయామమునకే వర్తించునని నా అభిప్రాయము. కొలత తెలిసినవాడు డెబ్బదియైదేండ్లకు కూడ మెల్లగా పరుగెత్తవచ్చును. తెలియనివాడు నలుబదికే మానుట మేలు.

నేటి పరిశోధనలు ఈ మాటకు బలము చేకూర్చుచున్నవి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు 1984లో ఏబది ఏండ్లు దాటిన పరుగు అలవాటున్నవారిని, లేనివారిని ఎంచుకొని ఇరువది ఏండ్ల పాటు గమనించినారు. 2008లో ఫలితములు ప్రకటించినారు. 19 ఏండ్లు గడచునప్పటికి పరుగు లేనివారిలో నూటికి 34 మంది, పరుగెత్తువారిలో నూటికి 15 మంది మరణించినారు. లేచుట, నడచుట, బట్టలు కట్టుకొనుట వంటి పనులలో అశక్తత కూడ పరుగెత్తువారికి చాల ఆలస్యముగా వచ్చినది. మోకాళ్ల విషయమునకు వచ్చినచో, అనేక అధ్యయనములను కలిపి 2017లో లెక్కించినప్పుడు తుంటి, మోకాలి కీళ్ల అరుగుదల వినోదమునకై పరుగెత్తువారిలో నూటికి 3.5 మందిలోను, కూర్చుండి జీవించువారిలో 10.2 మందిలోను, పోటీలకై పరుగెత్తువారిలో 13.3 మందిలోను కనబడినది. ఆరోగ్యవంతులే పరుగునకు పూనుకొందురు గనుక ఈ మేలంతయు పరుగు వలననే అనుట తగదు. అయినను చివరి అంకెను రెండవ తెగవారు శ్రద్ధగా చదువవలెను.

ఇక కొలత ఏది? బలవంతులు, స్నిగ్ధాహారము తినువారు సైతము హేమంత, శిశిర, వసంత ఋతువులలో తమ శక్తిలో సగము మేరకే వ్యాయామము చేయవలెనని, తక్కిన కాలములలో అంతకన్న తక్కువగా చేయవలెనని వాగ్భటుడు చెప్పినాడు. ఇదియే అర్ధశక్తి నియమము. సగము శక్తి ఖర్చైనదని తెలియుటకు గుర్తులున్నవి. నుదురు, ముక్కు, చంకలు, కీళ్లయందు చెమట పట్టుట, నోరు ఎండుట కొందరు చెప్పిన గుర్తులు. హృదయస్థానమున నుండు వాయువు నోటికి వచ్చుట, అనగా నోటితో ఊపిరి తీయవలసి వచ్చుట, సుశ్రుతుడు చెప్పిన గుర్తు. మన ప్రాంతమునకు ఈ రెండవదే మేలు. మే నెలలో కాకినాడలోనో, మచిలీపట్నములోనో నిలుచుండినను చెమట కారును. దానిని నమ్మినచో గుమ్మము దాటకముందే వ్యాయామము ముగియును. పరుగెత్తుచు ప్రక్కవానితో ఒక పూర్తి వాక్యము తెగకుండ మాట్లాడగలిగినంత వరకు అర్ధశక్తి దాటలేదని గ్రహించవలెను. నేటి వైద్యులు కూడ ఈ మాట పరీక్షనే చెప్పుచున్నారు. నాడి లెక్క పెట్టుకొని పరుగెత్తువారు ఒకటి గమనించవలెను. రక్తపోటునకు వాడు బీటా బ్లాకరు మాత్రలు గుండె వేగమును అణచివేయును. అట్టివారికి నాడి లెక్క తప్పుదారి పట్టించును.

అయితే అర్ధశక్తి నిన్న ఉన్నంతయే నేడు ఉండదు. యౌవనమున ఈ హెచ్చుతగ్గులు స్వల్పము. వార్ధక్యమున వాతము ప్రబలము గనుక ఒక రాత్రి నిద్ర చెడినను, ఒక పూట మలబద్ధమైనను, ఒక దుర్వార్త విన్నను బలము సగమునకు పడిపోవచ్చును. పడిపోయిన సంగతి మనకు మనమే ఒప్పుకొనము. ఒక్కడే పరుగెత్తు వృద్ధునికి ఇదియే పెద్ద ప్రమాదము.

హైదరాబాదులో కాసు బ్రహ్మానంద రెడ్డి ఉద్యానము చుట్టునున్న కాలిబాటపై ఉదయము ఐదున్నరకు కలిసికొను మేము ఏడుగురము. చిన్నవారికి 58, పెద్దవారికి 76 సంవత్సరములు. పరుగునకు ముందు ఐదు నిమిషములు బల్లపై కూర్చుండి ఒక్కొక్కరు తమ సంగతి చెప్పవలెనన్నది మా నియమము. రాత్రి నిద్ర, ఆకలి, విరేచనము, నొప్పులు, ఇంటి విషయములు. ముగిసిన పిదప ఎంత దూరము పరుగెత్తినది, ఎక్కడ ఊపిరి నోటికి వచ్చినది చెప్పవలెను. ఇవన్నియు ఒక రూళ్ల పుస్తకమున రెండేసి పంక్తులలో వ్రాయుదుము. ఒకనాటి పుట ఇట్లున్నది. మాష్టారు గారు నాలుగు కిలోమీటర్లు, ఎడమ మడమ దిగగానే కలుక్కుమన్నది, మనుమరాలికి జ్వరము తగ్గినది. అక్కయ్యగారు నిన్న ఏకాదశి ఉపవాసము, కావున నడక మాత్రమే. ఆర్టీసీలో డ్రైవరుగా పనిచేసిన అన్న ఆరు కిలోమీటర్లు, "పానం మంచిగున్నది సార్". బ్యాంకు ఉద్యోగము విరమించిన మిత్రుడు రాత్రి రెండు గంటల వరకు అమెరికా ఫోనులు, మూడు కిలోమీటర్లు, కొంచెము గ్యాస్.

చూచువారికి ఇది పొద్దుపోని ముచ్చట. మా ఇండ్లలో కూడ పరుగు అరగంట, కబుర్లు గంట అని నవ్వుదురు. కాని చరకుడు నిషేధించిన పట్టికను ఒకసారి తిరిగి చదువుడు. ఆకలి, దప్పి, అలసట, కోపము, శోకము, భయము. వీనిలో ఏదియు నాడి పట్టి తెలిసికొనదగినది కాదు. మనిషి నోరు విప్పి చెప్పవలెను, వినుటకు ఒకడు ఉండవలెను.

ఆ "కొంచెము గ్యాస్" సంగతి చెప్పెదను. మిత్రుడు రెండు రోజులు వాము నమిలి, సోడా త్రాగి ఊరుకొన్నాడు. మూడవనాడు మరల అదియే మాట రాగా పుస్తకము వెనుకకు త్రిప్పి చూచితిమి. మూడు పర్యాయములును ఎగుడు దారియందే, ఛాతీ నడుమ బరువుగా వచ్చి, నిలుచుండగానే రెండు నిమిషములలో పోయినది. గ్యాస్ అయినచో చదును నేలను విడిచి ఎగుడు దారిని వెదకికొని రాదు. ఆనాడు ఆయనను ఒక్క అడుగు కూడ పరుగెత్తనీయక కుమారుని పిలిపించి హృద్రోగ నిపుణుని వద్దకు పంపితిమి. పడుకోబెట్టి తీసిన ఈసీజీలో దోషము కనబడలేదు. విశ్రాంతిగా నున్నప్పుడు చాలమందిలో కనబడదు కూడ. ఆపై యాంజియోగ్రామ్ చేయగా ప్రధాన రక్తనాళమొకటి చాలవరకు మూసికొనియున్నట్లు తేలినది. స్టెంటు వేసినారు. ఇప్పుడాయన వైద్యుల అనుమతితో నడచుచున్నాడు. పుస్తకము వ్రాయు పని కూడ ఆయనదే.

ఇటువంటి చోట గృహవైద్యమునకు తావులేదు. శ్రమతో వచ్చి విశ్రాంతితో పోవు ఛాతీ బరువు, దవడకు గాని ఎడమ చేతికి గాని ప్రాకు నొప్పి, ఎన్నడును లేని ఆయాసము, కండ్లు చీకట్లు క్రమ్ముట, గుండె దడ తప్పుట కనబడినచో పరుగు ఆపి వెంటనే ఆసుపత్రికి పోవలెను. శొంఠి, వాము, జీలకర్ర తరువాత చూచుకొనవచ్చును.

శోకము విషయము ఇంతకన్న సున్నితమైనది. డ్రైవరన్నకు గత సంవత్సరము భార్యావియోగము కలిగినది. కర్మకాండ ముగిసిన మరునాడే వచ్చి బూట్లు బిగించుకొని, "ఉరికితెనన్న మర్సిపోతనేమో సార్" అన్నాడు. ఎవరికిని మాట రాలేదు. ఆప్తులు మరణించిన తొలి దినములలో గుండెపోటు వచ్చు అవకాశము హెచ్చునని నేటి పరిశోధనలు చెప్పుచున్నవి. శోకార్తుడు వ్యాయామము మానవలెనన్న చరకుని మాట ఇందులకే గావచ్చును. కాని ఇంటికి పొమ్మనుట కూడ ధర్మము కాదు. నెల రోజులు వంతులవారీగా మాలో ఒకరు ఆయనతో నడచితిమి. ఆయన రోజును ఏదో ఒకటి చెప్పెడివాడు. ఒకనాడు పప్పుచారులో ఉప్పెంత వేయవలెనో తెలియలేదన్నాడు. అది కూడ పుస్తకమున వ్రాసితిమి. ఫౌజా సింగ్ సైతము 1994లో కుమారుడు మరణించిన దుఃఖములోనే పరుగు పట్టినాడని రెండవ తెగవారు గుర్తుచేయుదురు. నిజమే. కాని ఆయన తొలి మారథాన్ 2000లో లండన్‌లో పరుగెత్తినాడు. నడుమ ఆరు సంవత్సరములున్నవి. ఆ ఆరింటిని ఎవరును చెప్పరు.

ఋతువును గురించి ఒక మాట. గ్రీష్మమున వ్యాయామమును, ఎండను, వర్షర్తువున ఆయాసమును విడువవలెనని వాగ్భటుడు. మన హైదరాబాదు మారథాన్ సరిగా ఆగస్టులో వచ్చును! నిర్వాహకులు వాగ్భటుని అడుగలేదని స్పష్టము. అందు పాల్గొనదలచిన వృద్ధులు తక్కువ దూరపు పరుగును ఎంచుకొని, గాలిలో తేమ ఎక్కువగా నున్ననాడు నడకతో తృప్తిపడవలెను.

ఇక మా అనుభవమున మేలు చేసిన ఉపచారములు కొన్ని. దినచర్యలో అభ్యంగము వ్యాయామమునకు ముందే చెప్పబడినది. గోరువెచ్చని నువ్వులనూనెను మోకాళ్లకు, పిక్కలకు, నడుమునకు పలుచగా పట్టించి పావుగంట ఆగి పరుగెత్తవచ్చును. అరికాళ్లకు మాత్రము ఉదయము రాయరాదు, జారిపడుదురు. వానికి రాత్రి పడుకొనబోవునప్పుడు రాసిన నిద్ర కూడ పట్టును. జలుబు, అజీర్ణము, జ్వరము ఉన్ననాడు అభ్యంగము కూడదు. పరుగు ముగిసిన పిదప శరీరమును హాయిగా నుండునంత మేరకు మెల్లగా మర్దించుకొనవలెను.

పిక్కలు పట్టువారు నూరు మిల్లీలీటర్ల నువ్వులనూనెను వేడిచేసి, పొయ్యి మీదనుండి దించిన తరువాత ఐదు గ్రాముల కర్పూరము కలిపి సీసాలో ఉంచుకొనవలెను. ఇది పైపూతకు మాత్రమే, పిల్లలకు అందరాదు. మోకాలు బిగుసుకొన్నచో రెండు గుప్పెళ్ల వావిలాకును రెండు లీటర్ల నీటిలో మరిగించి, ఆ నీటిలో ముంచి పిండిన గుడ్డతో పది నిమిషములు కాపవలెను. మాష్టారు గారి మడమ నొప్పి వంటిదానిని మనవారు వాతకంటకమందురు. దానికి ఉప్పు మూట కాపడము, పదిహేను రోజుల పాటు దూరము తగ్గించుట చాలును. కాలు మెలిపడి వాచి, ముట్టుకొనిన వేడిగా నున్నచో మొదటి రెండు మూడు దినములు కాపడము పెట్టరాదు, చల్లని గుడ్డయే వేయవలెను.

వయస్సు పెరిగిన కొలది దప్పి తెలియుట తగ్గును. కావున దప్పి లేకున్నను పరుగు తరువాత ఒక గ్లాసు పలుచని మజ్జిగలో చిటికెడు శొంఠి, సైంధవలవణము వేసి త్రాగవలెను. రక్తపోటు, మూత్రపిండముల వ్యాధి ఉన్నవారు ఉప్పు మానవలెను. లీటర్ల కొలది నీరు ఒక్కసారి త్రాగుట కూడ హానియే, రక్తములోని సోడియము పడిపోవును. నొప్పి రాకముందే నొప్పి మాత్ర వేసికొని పరుగెత్తువారిని చూచుచున్నాను. చెమట కారి నీరు తగ్గిన శరీరమునకు ఆ మాత్ర మూత్రపిండములను దెబ్బతీయును. అశ్వగంధ చూర్ణము మంచిదే అయినను థైరాయిడ్, మధుమేహ మాత్రలు వాడువారు, కాలేయవ్యాధి ఉన్నవారు వైద్యుని అడుగక తీసికొనరాదు.

మధుమేహముతో పాదములు తిమ్మిరెక్కినవారికి ఉప్పు మూట గాని, వేడినీటి కాపడము గాని పనికిరాదు. కాలినను వారికి తెలియదు. అట్టివారు పరుగు నుండి రాగానే మేజోళ్లు విప్పి, అరికాళ్లను, వ్రేళ్ల సందులను అద్దములో చూచుకొనవలెను. కండ్లు ఆననివారు ఇంటివారి చేత చూపించుకొనవలెను.