పురుగు పూత, చెట్టు పూత

జపాన్‌లో చేతితో తయారుచేసే కొన్ని మడత చాకుల పిడులపై నల్లని, నిగనిగలాడే పూత కనిపిస్తుంది. ఆ పూత తడిగా ఉండగానే బంగారు పొడిని చల్లి చిత్రాలు తీర్చే కళను 'మాకియే' అంటారు. ఈ పూతకు ఇంగ్లీషులో పేరు లాకర్. ఈ మాటకు మూలం సంస్కృతంలోని 'లాక్షా', అంటే మన లక్క. విచిత్రమేమంటే, జపాన్ పూతలో లక్క ఉండదు!

లక్కను ఇచ్చేది కెరియా లక్కా అనే పురుగు. రాయపూర్ రాజధానిగా గల ఛత్తీస్‌గఢ్ దేశంలో లక్క ఎక్కువగా పండే రాష్ట్రాల్లో ఒకటి. అక్కడ మోదుగ, రేగు, పుసుగు చెట్ల రెమ్మల రసం పీలుస్తూ, ఈ పురుగు తన చుట్టూ జిగురును స్రవిస్తుంది. అదే లక్క. అది వేడికి కరిగి, చల్లారితే గట్టిపడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లోని ఏటికొప్పాక బొమ్మలకు రంగు పట్టేది ఈ గుణం వల్లనే. లేత్‌పై గిరగిర తిరిగే అంకుడు కర్రకు రంగు లక్క కడ్డీని అదిమితే, రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది.

జపాన్ పూత ఉరుషి చెట్టు పాలు. వాటిలోని ఉరుషియోల్ అణువులను లాకేజ్ అనే ఎంజైము, గాలిలోని ఆక్సిజన్ సాయంతో గొలుసుల్లా కలుపుతుంది. ఈ చర్యకు తేమ అవసరం. కనుక పూసిన వస్తువును ఎండలో కాక, 70-80 శాతం తేమ ఉన్న పెట్టెలో ఉంచుతారు! ఇలా గట్టిపడిన పూత వేడికి మెత్తబడదు, ఆల్కహాలులో కరగదు. లక్క ఈ రెండింటికీ లొంగుతుంది.

రెండింటికీ ఆధారం ప్రాణులే. లక్క కోసేటప్పుడు పిల్లపురుగులున్న రెమ్మలను కొన్ని విత్తనంగా దాచి మరో చెట్టుకు కట్టాలి. అన్నీ అమ్ముకుంటే మరుసటి పంట ఉండదు.